వైసన్ అరుపులు, ఎనిఫా మాత్రలు

“నువ్వు నీ తమ్ముణ్ణి నిద్రపుచ్చావా, నోరు మూయించావా?”

నమిలాంజే ఆసుపత్రి మగవాళ్ళ వార్డులో, పొద్దున్నే గంజి పంచే వేళ, అందరూ వింటుండగా నర్సు దోరికా ఎనిఫాని ఈ ప్రశ్న అడిగింది. మా వైపు పెద్దవాళ్ళు ఒకరినొకరు ఇలా మొహం మీద అడగరు. ముందు కుశలం కనుక్కోవాలి, తర్వాత వానల సంగతి, ఆ తర్వాత ఇంట్లో అందరి ఆరోగ్యం. అసలు మాట వాటి వెనకాల నెమ్మదిగా రావాలి. దోరికాకి ఆ రోజు అంత తీరిక లేదు. ఎనిఫా తమ్ముడు వైసన్ ఎంత పిలిచినా లేవడం లేదు.

ఎనిఫా గురించి రాయమంటే చాలామంది ఆవిణ్ణి త్యాగమూర్తిని చేసేస్తారు. విరాళాలు పోగుచేసే సంఘం ఒకటి తన పత్రికలో ఆ పని చేసింది కూడా. నవ్వుతున్న ఫోటో, కింద ‘కరుణకు మారుపేరు’ అని ఒక ముక్క. దాన్ని చూసి ఎనిఫా అన్న మాట ఒక్కటే: “ఈ బట్ట నాది కాదు. ఫోటో కోసం వాళ్ళే కట్టబెట్టి, అయిపోగానే విప్పించుకుపోయారు.” ఆవిడ కరుణామయి కాదు. టమాటాలు కుప్పలు పోసి అమ్ముకునే మనిషి. నోరు గట్టిది. కట్టుకున్నవాడు తాగుడు మానకపోతే అతని దుప్పటీ రేడియో మూటగట్టి గడప అవతల పెట్టింది. మా వైపు ఇల్లు ఆడవాళ్ళది. పొసగనప్పుడు మూట మోసేది మగవాడే.

ఆవిడకి ఒకే తమ్ముడు, వైసన్. సైకిల్ వెనక సీటు మీద మెత్త కట్టి మనుషుల్ని, బస్తాల్ని, అప్పుడప్పుడూ మేకల్ని మోసేవాడు. హెచ్ఐవీ ఉందని తెలిసి చాలా కాలమైంది. మాత్రలు వేసుకుంటూ ఎప్పటిలా తొక్కుతూనే ఉన్నాడు. ఒక ఏడాది సరిహద్దు సంతకి బేరాలు బాగా తగిలాయి. మాత్రలిచ్చే రోజు, సంత రోజు ఒకటే కావడంతో సంతకే వెళ్ళాడు. ఇలా కొన్ని నెలలు గడిచాక తలనొప్పి పట్టుకుంది. మొదట ఎండ అనుకున్నాడు. తర్వాత ఒక మనిషి ఇద్దరుగా కనిపించడం మొదలైంది. చివరికి అక్కని చూసి “ఎవరమ్మా మీరు, ఎక్కడికెళ్ళాలి?” అని అడిగాడు. వైసన్ భార్యకి అప్పుడే కాన్పయింది. పసిబిడ్డతో ఆమె ఇంట్లో ఉండిపోతే, ఎనిఫా టమాటాలు పక్కవాళ్ళకి అప్పజెప్పి తమ్ముణ్ణి ఆసుపత్రికి తెచ్చింది.

మెదడు పొరలకి బూజు పట్టిందన్నారు. మట్టిలో, పిట్టల రెట్టల్లో ఉండే బూజే. ఒంట్లో సత్తువ ఉన్నవాళ్ళని అది ఏమీ చేయలేదు, లేనివాళ్ళ తలకెక్కుతుంది. దానికి మందు ఉంది. కానీ మందు పనిచేసేలోగా తల లోపల నీరు ఉబికి మెదడుని నొక్కేస్తుంది కాబట్టి, వెన్నులో సూది గుచ్చి ఆ నీటిని తీస్తుండాలి. వచ్చిన రోజునే ఒకసారి తీశారు. వైసన్ గింజుకుంటుంటే దోరికా కొద్దిగా మత్తు సూది ఇచ్చింది. అతను మెత్తబడ్డాడు. నీరు తీసి, మందు ఎక్కించారు. ఆ సాయంత్రమంతా పసివాడిలా పడుకున్నాడు. సూదికి ఒప్పుకుంటూ వేలిముద్ర వేసింది ఎనిఫా. అక్కడే మొదటి తప్పు పడింది. అక్కచెల్లెళ్ళ పిల్లల మంచీచెడూ మాట్లాడాల్సింది మేనమామ. ఆయనతో చెప్పకుండా అక్క వేలిముద్ర వేయడమంటే ఆయన కుర్చీలో తను కూర్చున్నట్టే.

రెండోనాటికి వైసన్ కేకలు మొదలుపెట్టాడు.

“దిగు! దిగి నడువు! ఎత్తు కనబడటం లేదా? బస్తాలాగా కూర్చున్నావ్!” ఇది పక్కమంచం మీది బడిపంతులుకి. “మేకకి కూడా డబ్బివ్వాలి. ఒళ్ళో పెట్టుకుంటే ఊరికే వస్తుందనుకున్నావా?” ఇది సెలైను సీసాకి. మొదట్లో వార్డంతా నవ్వింది. బడిపంతులు కూడా “దిగుతున్నాను బాబూ, చక్రం ఆపు” అన్నాడు. కానీ ఒక పూటంతా ఎవరూ నవ్వలేరు. అందరూ నొప్పులతో ఉన్నవాళ్ళే. మంచాల కింద పడుకునే తోడువాళ్ళకీ కంటి మీద కునుకు లేదు.

మా ఆసుపత్రుల్లో రోగికి తినిపించడం, కడగడం, మంచం మార్చడం అన్నీ వెంట వచ్చినవాళ్ళ పనే. వాళ్ళందరూ పెరట్లో ఒక పాక కింద వండుకుంటారు. పొయ్యి ఎవరికి ముందు, కట్టెలు ఎవరివి అన్న తగవులు తీర్చడానికి వాళ్ళలో వాళ్ళే ఒక పెద్దని ఎన్నుకుంటారు. అప్పట్లో పెద్ద ఫాలేసి అవ్వ. మొగుడు మంచాన పడి ఎన్నాళ్ళైందో ఆవిడే మరచిపోయింది. పాకలో ఒక మర్యాద ఉండేది. నీ రోగి పక్కవాళ్ళని ఇబ్బంది పెడితే, నువ్వు మంచం మంచం దగ్గరికీ వెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని, మర్యాదకి మెల్లగా చప్పట్లు తట్టి మన్నించమని అడగాలి. ఎనిఫా అలాగే అడిగింది. ఒక చుట్టు పూర్తయి తమ్ముడి దగ్గరికి వచ్చేసరికి అతను మళ్ళీ మొదలుపెట్టేవాడు. మళ్ళీ మొదటి మంచం నుంచి మోకాళ్ళు. “ఏం ఫర్లేదమ్మా” అనేవాళ్ళు అందరూ, మొహాలు గోడవైపు తిప్పుకుని. ఆ ‘ఏం ఫర్లేదు’ తిట్టు కంటే బరువు.

ఆ వార్డుకి ఆ పూట దోరికా ఒక్కతే నర్సు. వైసన్ మంచం పక్కనుంచి పరుగున పోతూ, “అతన్ని కాస్త ఊరుకోబెట్టమ్మా!” అని ఒక మాట విసిరేసి వెళ్ళింది.

మధ్యాహ్నం పాకలో సంకటి కలుపుతూ ఫాలేసి అవ్వ ఎనిఫాని పిలిచింది.

“ఇలా రా పిల్లా. ఇంకా ఎన్ని మోకాళ్ళున్నాయి నీకు?”

“రెండే అవ్వా. అవీ అరిగిపోతున్నాయి.”

“అయితే వాటిని దాచుకో.” అవ్వ చెంగు ముడి విప్పి కాగితం పొట్లం ఒకటి చేతిలో పెట్టింది. లోపల పసుపురంగు చిన్న మాత్రలు. “బస్టాండు దగ్గర అమ్ముతాడే బుట్టవాడు, వాడి దగ్గరివి. మా ఆయన నొప్పికి మూలుగుతుంటే ఒకటి వేస్తాను. ఆయన పడుకుంటాడు, నేనూ పడుకుంటాను.”

“నర్సమ్మకి చెప్పొద్దా?”

“ఆవిడ నిన్న ఇచ్చిందీ ఇదే కదే. ఆవిడది సూది, నీది మాత్ర. ఊరుకోబెట్టమన్నది ఆవిడే. చెబితే ‘మరి ముందే ఎందుకు వెయ్యలేదు’ అంటుంది.”

ఈ తర్కంలో లోపం ఇప్పుడు మనకి చటుక్కున కనబడుతుంది. మోకాళ్ళు నొప్పెడుతున్నవాళ్ళకి కనబడదు. ఎనిఫా ఒక మాత్ర నలిపి గంజిలో కలిపింది. వైసన్ నిద్రపోయాడు. వార్డు నిద్రపోయింది. సాయంత్రం బడిపంతులు గోడవైపు నుంచి ఇటు తిరిగి, “దేవుడు నీకు మేలు చెయ్యాలమ్మా” అన్నాడు. ఈసారి మనస్ఫూర్తిగా అన్నాడు. రాత్రికి ఇంకొకటి పడింది. మరునాడు వైసన్ కాస్త కదలగానే రెండు.

ఆ రోజే మేనమామ చికోపా వచ్చాడు. సంచీలో మొక్కజొన్న పిండి, చంకలో కోడి. తనని అడగకుండా సూది వేయించారని దారి పొడుగునా పళ్ళు కొరుకుతూ వచ్చాడు. తీరా మేనల్లుడు మంచం మీద హాయిగా గురకపెడుతున్నాడు.

“చూశావా? నా అడుగు పడగానే నెమ్మదించాడు” అన్నాడు. తర్వాత మెత్తబడ్డ గొంతుతో, “బాగా చూసుకున్నావే అమ్మాయ్. మీ అమ్మ ఉన్నా ఇంత బాగా చూసుకునేది కాదు” అన్నాడు.

ఎనిఫా పుట్టి బుద్ధెరిగాక మేనమామ నోట ఒక మెచ్చుకోలు వినడం అదే మొదటిసారి. అది వదులుకోవడం మాటలు కాదు.

అప్పుడే మతెంబా వచ్చాడు. చదువు ప్రకారం ఆయన పూర్తి డాక్టరు కాదు గానీ ఆ వార్డుకి ఉన్న డాక్టరు ఆయనే. “మళ్ళీ నీరు తియ్యాలి పెద్దాయనా. మొదటిసారే చాలా ఒత్తిడితో వచ్చింది. ఇంతలోనే తగ్గదు.”

“నీళ్ళు కావాలంటే బావి ఉంది, తోడుకోండి.”

“తమాషా కాదు. తియ్యకపోతే చూపు పోవచ్చు, ప్రాణమే పోవచ్చు.”

“మా చెల్లెలి మొగుడికి తీశారు. మూడోనాడు పాతిపెట్టాం. వీడు చూడండి, తియ్యకుండానే ఎంత చక్కగా ఉన్నాడో. నిన్నటిదాకా అరిచాడట కదా. ఇప్పుడు అరుస్తున్నాడా?”

చికోపాని మూర్ఖుడనుకోకండి. మనుషులు చివరి ఘడియలో ఆసుపత్రికి వస్తారు, వచ్చీరాగానే సూది పడుతుంది, ఆ వెంటే చావు వస్తుంది. చూసినవాడికి సూది తర్వాత చావు కనబడుతుంది గానీ సూదికి ముందు పోగొట్టుకున్న వారాలు కనబడవు. ఆయన కళ్ళెదుట ఉన్న సాక్ష్యం నిమ్మళంగా నిద్రపోతున్న మేనల్లుడు. ఆ సాక్ష్యాన్ని తయారుచేసిన మనిషి పక్కనే కోడి కాళ్ళకి తాడు కడుతూ, తల ఎత్తకుండా కూర్చుంది. మతెంబా వైసన్ భుజం తట్టాడు. వైసన్ ఒక కన్ను కొద్దిగా తెరిచి ఏదో గొణిగి మూశాడు. ఇంకో పది మంచాలు చూడాల్సి ఉంది. “రేపు మళ్ళీ మాట్లాడదాం” అని మతెంబా ముందుకి కదిలాడు.

ఆ రేపటి ఉదయం దోరికా భుజం తట్టింది, పేరు పెట్టి పిలిచింది, రొమ్ము ఎముక మీద పిడికిలితో గట్టిగా రుద్దింది. వైసన్ కన్ను తెరవలేదు. ఊపిరి ఆగి ఆగి వస్తోంది, గొంతులో తెమడ గురగురమంటోంది. దోరికా ఒక్క ఊపులో అతన్ని పక్కకి తిప్పి, పులిసిన గంజి వాసన వేస్తున్న కప్పుని చూసింది. అడుగున పసుపు పొడి. అప్పుడే ఎనిఫావైపు తిరిగి ఆ ప్రశ్న వేసింది.

ఎనిఫాకి ముందు కోపం వచ్చింది. “ఊరుకోబెట్టమన్నది మీరే కదా సిస్టర్!”

“అన్నాను. ఆ మాటకి నా చెంప నేనే వాయించుకుంటాను, తర్వాత. ఇప్పుడు చెప్పు. ఏం వేశావు?”

వార్డులో గంజి చెంచాలు ఆగిపోయాయి. చికోపా లేచి నిలబడ్డాడు. “ఏం వేస్తుంది? నిద్రపోతున్నవాణ్ణి పట్టుకుని ఈ రభసేంటి? పడుకోనివ్వండి. లేచాక వాణ్ణే అడుగుదాం.”

మతెంబా పరుగున వచ్చాడు. వైసన్ కళ్ళలోకి దీపం వేసి చూస్తూ, “పెద్దాయనా, ఇది నిద్రో కాదో తెలియాలి. తల లోపల ఒత్తిడి ఎక్కువైనా ఇలాగే పడిపోతారు. అలాగైతే ఆగడానికి వీల్లేదు” అన్నాడు.

“నిద్రే” అన్నాడు చికోపా. “నిన్నటి నిద్రే.”

ఎనిఫా అవ్వవైపు చూసింది. ఫాలేసి అవ్వ తన మొగుడి దుప్పటి అంచు సరిచేస్తోంది, అది సరిగ్గానే ఉన్నా. నోరు విప్పితే అవ్వ పెద్దరికం పోతుంది. ఈ పాకలో తనకి కట్టె పుల్ల ఇచ్చేవాళ్ళుండరు. నిన్ననే దొరికిన మామయ్య మెప్పు ఈరోజే పోతుంది. విప్పకపోతే మామయ్య కూర్చుని మేనల్లుడు లేచేదాకా చూస్తాడు.

“నిన్నటి నిద్ర కూడా నేను తెప్పించిందే మామయ్యా” అంది ఎనిఫా. “వాడికేం నెమ్మదించలేదు. అరుపులు ఆగాలని నేనే మాత్రలు వేశాను. మొన్న రెండు, నిన్న పగలు రెండు, రాత్రి ఇంకో రెండు. మీరు చూసింది వాడి ఆరోగ్యం కాదు, నా మాత్రలు.”

చికోపా అడిగాడు, “నేను మెచ్చుకుంటుంటే నోరు మూసుకుని కూర్చున్నావా?”

“కూర్చున్నాను.”

“ఆ మాత్రలు నావి” అంది వెనకనుంచి ఫాలేసి అవ్వ. దుప్పటి అంచు ఇంకా ఆవిడ చేతిలోనే ఉంది. “పిల్లనొక్కదాన్నే తినేయకండి.”

మతెంబా అందుకున్నాడు. “మాత్రల మత్తు కొంత ఉంటుంది, దానికి ఊపిరి చూసుకుంటూ కూర్చోవాలి. కానీ దాని కింద ఒత్తిడి ఎంత ఉందో మనకి కనబడకుండా పోయింది. సూది వేస్తేనే తెలుస్తుంది. ఇప్పుడే వెయ్యాలి.”

చికోపా వేలెత్తి ఎనిఫాకి చూపించాడు. “వేయించుకో. కానీ విను. సూది తర్వాత వీడు పోతే ఆ చావు నీది. పాతిపెట్టే చోట, అందరి ముందూ, నీ పేరు చెప్పి చెబుతాను.”

ఇది ఉత్త బెదిరింపు కాదు. ఒక చావు నీ పేరు మీద పడితే ఊళ్ళో నీ టమాటాలు ఎవరూ కొనరు, నీ ఇంటి నిప్పు ఎవరూ అడగరు.

“చెప్పండి మామయ్యా” అంది ఎనిఫా. “ముందు ఒప్పుకోండి.”

ఒప్పుకున్నాడు.

సూది వెన్నులోకి దిగింది. నిలువుగా పట్టుకున్న సన్నటి గొట్టంలో నీరు ఎక్కుతూ ఎక్కుతూ పై అంచు దాటి మతెంబా చేతి మీద ఒలికింది. ఒంగి చూస్తున్న చికోపా ఒక అడుగు వెనక్కి వేశాడు. “ఇదంతా వాడి తలలోదేనా?” అన్నాడు మెల్లగా. మతెంబా నీరు వదిలాడు, దోరికా గొంతులో తెమడ లాగింది. ఆ తర్వాత పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, మిగతా మంచాలవాళ్ళు ఎంత పిలిచినా వెళ్ళలేదు. ఆ పూట వార్డులో గంజి పంచింది బడిపంతులు భార్య, కట్లు విప్పింది ఫాలేసి అవ్వ.

మధ్యాహ్నానికి వైసన్ చెయ్యి కదిపాడు. మరునాడు పొద్దున కళ్ళు తెరిచి, అక్కని గుర్తుపట్టి, అడిగిన మొదటి మాట: “నా సైకిల్ ఎవడు తొక్కుతున్నాడు?”

“ఎవడూ తొక్కట్లేదు. వెనక చక్రం ఊడి పడుంది.”

“నువ్వే ఊడగొట్టి ఉంటావు.”

ఎనిఫా పాకలోకి పరుగెత్తి, పొయ్యి దగ్గర ఎవరూ చూడకుండా ఏడ్చిందని ఫాలేసి అవ్వ చెబుతుంది. ఎనిఫా మాత్రం పొగ వల్ల కళ్ళు మండాయంటుంది.

ఒక్క సూదితో కథ అయిపోలేదు. ఆ తర్వాత కూడా కొన్నాళ్ళు నీరు తీస్తూ వచ్చారు. ఒకసారి మతి తప్పి వైసన్ మళ్ళీ కాళ్ళూ చేతులూ విసరడం మొదలుపెట్టాడు. సూది ఉన్న చోట అలా గింజుకుంటే ప్రమాదం. దోరికా కొద్దిగా మత్తుమందు ఇచ్చింది. ఎనిఫా ఆమె చెయ్యి పట్టుకుంది.

“మళ్ళీ అదేనా సిస్టర్?”

“అదే. మందు అదే. కానీ ఈసారి ఎంత ఇచ్చానో నాకు తెలుసు, ఎందుకిచ్చానో తెలుసు, ఇచ్చాక ఎక్కడికీ పోను. నువ్వు ఇక్కడ కూర్చో. రొమ్ము లేచి దిగుతోందా చూస్తుండు. అప్పుడప్పుడూ పేరు పెట్టి పిలువు. పలక్కపోతే నన్ను కేకేయి.”

ఎనిఫా పిలిచింది. మరీ ఎక్కువసార్లు పిలిచింది.

“వైసన్!”

“ఊ.”

“ఒరేయ్ వైసన్!”

“ఏంటే నీ గోల, పడుకోనివ్వవా?”

వార్డంతా నవ్వింది. వైసన్ గొడవకి కాక ఎనిఫా గొడవకి జనం నిద్ర చెడింది ఆ రోజు. ఎవరూ గోడవైపు తిరగలేదు.

ఈ కథ విన్నవాళ్ళు మత్తుమందు చెడ్డదని తేల్చేస్తారు, లేకపోతే చదువులేని తోడువాళ్ళని తిడతారు. రెండూ సుఖమైన తీర్మానాలే, రెండిటికీ శ్రమ అక్కర్లేదు. అరుస్తున్న రోగికి మత్తు అవసరమయ్యే వేళలుంటాయి, ఇవ్వకపోవడమే క్రూరం. కానీ ఆ మాత్రలు వైసన్ కోసం పడినవి కావు. చుట్టూ ఉన్నవాళ్ళ మర్యాద కోసం పడ్డాయి. అరుపు అతని దగ్గర మిగిలిన ఒకే ఒక్క కబురు. లోపల ఒత్తిడి పెరుగుతోందని బయటికి చెప్పేది అదే.

వైసన్ నడుచుకుంటూ ఇంటికి వెళ్ళాడు. ఇప్పుడు హెచ్ఐవీ మాత్రలు తప్పడు. సంత రోజు వస్తే సంతనే మానేస్తాడు. ఎడమ చెవి మొద్దుబారింది. వెనక కూర్చున్నవాళ్ళు గట్టిగా అరిస్తే తప్ప ఎక్కడ దిగాలో అతనికి వినబడదు. “మేకలు నయం, అడ్రసు చెప్పవు” అంటాడు. ఎత్తు వస్తే మాత్రం ఇప్పటికీ అందరినీ దింపి నడిపిస్తాడు.

ఎనిఫా టమాటాల కుప్పకి తిరిగి వెళ్ళలేదు. ఆసుపత్రి గేటు దగ్గర పిండి బూరెలు వేయించి అమ్ముతుంది. పుణ్యం కోసం కాదు, అక్కడ ఆకలిగా ఉన్నవాళ్ళు ఎక్కువ. ఫాలేసి అవ్వ మొగుడు పోయి, అవ్వ ఊరికెళ్ళిపోయాక పాకవాళ్ళు తగవులు తీర్చమని గేటు దాకా రావడం మొదలుపెట్టారు. రోగి వెంట రాకపోయినా పెద్ద అయిన మనిషి ఆవిడొక్కతే. ఆవిడ మార్చింది ఒక్క మర్యాదే. రోగి అరిస్తే అతని తోడు మనిషి కదలకూడదు. పక్కమంచాలవాళ్ళే అక్కడికి రావాలి, ఒకరు మంచం పట్టుకోవాలి, ఒకరు నర్సు కోసం పరుగెత్తాలి. మోకాళ్ళ మీద ఎవరూ కూర్చోనక్కర్లేదు. పాతకాలం ఆడవాళ్ళు కొందరు ఇది మర్యాద కాదని ఇప్పటికీ సణుగుతారు. ఆ సణిగేవాళ్ళకి బూరెలు అప్పివ్వదు. మతెంబా ఇప్పుడు రౌండ్సులో “అరుస్తున్నాడా?” అని కాక, “ఎందుకు ఆగాడు?” అని అడుగుతున్నాడట. దోరికాకి ఇంకో నర్సు తోడొచ్చింది. చాలదు గానీ, వచ్చింది.

ఇక మేనమామ సంగతి. చికోపా సాక్షుల ముందు ఒక చావుని ఎనిఫా పేరు మీద పెట్టాడు. మనిషేమో బతికాడు. మరి ఆ చావుని ఎవరు దించాలి? ఎనిఫా ఈ ప్రశ్న తీసుకుని ఊరిపెద్ద దగ్గరికి వెళ్ళింది. చికోపా కూడా వచ్చి, మాత్రల మాట ఎత్తాడు. ఊరిపెద్ద ఇద్దరి మాటా విన్నాడు. దాచిపెట్టినందుకు ఎనిఫా ఒక కోడి ఇచ్చుకోవాలన్నాడు. ఆ కోడిని అక్కడే కోసి అందరూ తిన్నారు. చావుని మోయించినందుకు చికోపా ఒక మేక ఇచ్చుకోవాలన్నాడు. తన మేకలన్నీ చూలుతో ఉన్నాయని చికోపా చెబితే, దాన్ని డబ్బులోకి మార్చి నలభై వేల క్వాచాలు అన్నారు. కోతల తర్వాత కొంత ఇచ్చాడు, పొగాకు అమ్మాక ఇంకొంత ఇచ్చాడు. పోయిన నెల వైసన్ సైకిల్ వెనక కూర్చుని తనే వచ్చి వేరుశనగ బస్తా ఒకటి దింపి, దాన్నీ జమ కట్టుకోమన్నాడు. బస్తా జమ వేసుకున్నాక, ఆయన ఎనిఫాకి ఇంకా పదిహేడు వేల క్వాచాలు బాకీ.